దీవి నుంచి వెంట వచ్చిన జ్వరం

సంక్రాంతి సెలవులకు ఒక కుటుంబం అండమాన్ వెళ్ళింది. ఉత్తర అండమాన్‌లో దిగ్లిపూర్ దగ్గర కాలీపూర్ అనే తీరం ఉంది. చలికాలపు రాత్రుల్లో సముద్రపు తాబేళ్ళు అక్కడ ఒడ్డుకెక్కి, ఇసుకలో గుంట తీసి గుడ్లు పెడతాయి. పిల్లలకు ఆ వింత చూపించాలని తండ్రిగారి ముచ్చట. ఆ చుట్టుపక్కలే అనుమతి ఉన్న చోట గుడారం వేసుకుని మూడు రాత్రులు గడిపారు. తాబేళ్ళను కళ్ళారా చూసి సంతోషంగా తిరిగొచ్చారు.

వచ్చిన వారానికి ఎనిమిదేళ్ళ పిల్లవాడికి జ్వరం పట్టుకుంది. “సముద్రపు గాలి పడలేదు” అన్నది బామ్మగారు. “నీళ్ళ మార్పు” అన్నారు తండ్రిగారు. పారాసిటమాల్ వేస్తే జ్వరం దిగడం, మళ్ళీ ఎక్కడం. అయిదోరోజున నా దగ్గరకు తీసుకొచ్చారు. రక్తపరీక్షలో మలేరియా లేదు. చొక్కా విప్పించి చూద్దును గదా, చంకలో సిగరెట్టుతో కాల్చినట్టు చిన్న నల్లటి పక్కు! తల్లి తెల్లబోయింది. నొప్పీ దురదా లేవు గనుక పిల్లవాడూ చెప్పలేదు.

అదే స్క్రబ్ టైఫస్. పాపం, ఇందులో తాబేళ్ళ తప్పేమీ లేదు! గడ్డిలో, పొదల్లో ఉండే చిగర్ అనే పురుగు కుడితే వస్తుంది. అది కంటికి ఆననంత చిన్నది. కుట్టిన ఆరు నుంచి ఇరవై ఒక్క రోజుల లోపల జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు మొదలవుతాయి. ఈ జబ్బు దీవుల్లోనే కాదు, మన జిల్లాల్లోనూ ఉన్నదే.

సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్ వంటి మందుతో సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఈ పిల్లవాడికీ అలాగే దిగింది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. అలాగని మందు మీరే కొని వేయకండి. ఎంత వేయాలో డాక్టరే చెప్పాలి.

మరి విహారాలు మానుకోవాలా? అక్కర్లేదు. ఈ జాగ్రత్తలు చాలు:

గుడారం పొదలకు దూరంగా, శుభ్రమైన నేల మీద వేయండి. తాబేళ్ళ కోసం కాచుకునేటప్పుడు గడ్డిలో కూర్చోకండి, చాప పరుచుకోండి. ఉతికిన బట్టలు పొదల మీద ఆరేయకండి. పిల్లలకు పొడుగు చేతుల చొక్కా, పంట్లాం, మేజోళ్ళు తొడగండి. డీట్ ఉన్న పురుగుల మందు డబ్బా మీద రాసిన ప్రకారం పూయండి. బసకు చేరగానే సబ్బుతో స్నానం చేయించి, బట్టలు మార్చండి. చంకలు, గజ్జలు, నడుము, చెవుల వెనక పరీక్షగా చూడండి.

పక్కు అందరికీ కనిపించదు. అందుచేత తిరిగొచ్చిన మూడువారాల్లో జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చూపించి, “ఫలానా చోట గుడారంలో పడుకున్నాం” అని మీరే ముందుగా చెప్పండి. ఆ ఒక్క మాట మాకు సగం రోగనిర్ణయం!