చేమంతికి నీళ్ల కన్నా నీళ్లు పోయే దారి ముఖ్యం

జూన్‌లో సంత నుంచి పది పిలకలు తెచ్చి పెరట్లో నాటుతారు. ఆగస్టు వచ్చేసరికి రెండు మిగులుతాయి. "మా నేలకు చేమంతి పడదు" అని వదిలేస్తారు. మంచిర్యాల, లక్షెట్టిపేట, చెన్నూరు వైపు నల్లరేగడి ఉన్న ఊళ్లలో ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. నేలది తప్పు కాదు. వానకాలంలో వేళ్ల దగ్గర నీళ్లు నిలవడమే అసలు తప్పు.

చేమంతి వేళ్లు లోతుకు పోవు. వాటికి తేమతో పాటు గాలి కూడా కావాలి. రెండు రోజులు నీళ్లలో నానితే వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కాబట్టి కింది ఆకులు పసుపుబారి, మొక్క తల వాలేస్తుంది. అది చూసి ఎండిపోతుందేమోనని మనం ఇంకో చెంబు పోస్తాం. మా ఇంట్లో ఒక వరుస వరుసంతా నేను అట్లనే చంపుకున్నాను. మొక్క వాడితే ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. తడి తగిలితే నీళ్లు పోయకండి.

నాటేముందు చిన్న పరీక్ష చేసుకోండి. అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకిపోయాక మళ్లీ నింపండి. తెల్లారి చూసినా నీళ్లు అట్లనే ఉంటే అక్కడ నేల మట్టానికి నాటవద్దు. నాలుగు అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవుతో అడుగు ఎత్తు మడి కట్టుకోవాలి. చెల్క మట్టి, బాగా మాగిన పెంట ఎరువు కలిపి నింపాలి. రేగడిలో రెండు తట్టల ఇసుక కలిపితే చాలనుకోవద్దు, అంత కొద్ది ఇసుకతో ఆ మట్టి మారదు. మడి చుట్టూ తీసిన కాలువ నీళ్లు బయటికి పోవాలి. 2022 జూలైలో గోదావరి, రాళ్లవాగు పొంగి మంచిర్యాలలో కాలనీలే మునిగాయి. అంతటి వరదకు ఎత్తు మడి ఆగదు గానీ, మామూలు ముసురుకు ఆగుతుంది.

ఇంత మడిలో అడుగుకొకటి చొప్పున నలభై మొక్కలు పడతాయి. ఇంటి పూజకు పోగా మిగిలిన పూలు మూర లెక్కన అమ్ముకోవచ్చు.

నాటిన నాలుగు వారాలకు తల తుంచాలి. చేతులు రాక ఆడవాళ్లు కూడా దీనికి వెనకాడతారు గానీ, తుంచితేనే పక్క కొమ్మలు వచ్చి పూలు పెరుగుతాయి. దసరా దగ్గరపడ్డాక మాత్రం తుంచవద్దు. బతుకమ్మకు తంగేడు, గునుగు, బంతి అందుతాయి. చేమంతి పగలు చిన్నదై రాత్రి పెద్దదయ్యాకే మొగ్గ వేస్తుంది. అందుకే వీధిలైటు వెలుగు రాత్రంతా పడే చోట ఆకులే గుబురుగా పెరిగి పూత ఆలస్యమవుతుంది. మడిని అక్కడి నుంచి దూరంగా పెట్టుకోండి.

కుళ్లిన మొక్కను వేరుతో సహా పీకి దూరంగా పారేయాలి. పక్క మొక్కల పాదుల్లో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయాలి. చిగుళ్లకు పేనుబంక పడితే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

పూలు అయిపోయాక మొక్కను పీకేయకండి, మన దగ్గర చాలామంది చేసే పొరపాటు ఇదే. కాండాన్ని నేల నుంచి జానెడు ఎత్తులో కోసేస్తే మొదట్లో పిలకలు లేస్తాయి. ఏప్రిల్, మే ఎండలు మన దగ్గర 45 డిగ్రీలకు చేరుతాయి కనుక అవి నీడలో ఉండాలి. చెట్టు కిందైనా, తడికెల పందిరి కిందైనా సరే. ఆ రెండు నెలలు రెండు రోజులకోసారి కొద్దిగా తడిపితే చాలు. తొలకరికి వేరుతో సహా విడదీసి నాటుకోండి. మిగిలిన పిలకలు పక్కింటివాళ్లకు ఇవ్వండి. ఒక ఏడు మీవి పోయినా వాళ్ల దగ్గర దొరుకుతాయి.