స్తన పరిమాణములో హెచ్చుతగ్గులు

కూతుళ్ళను వెంటబెట్టుకొని వైద్యశాలకు వచ్చు తల్లులు, తక్కిన మాటలన్నియు అయిన పిమ్మట, లేచి వెళ్ళబోవుచు గొంతు తగ్గించి అడుగు ప్రశ్న యొకటి కలదు. "డాక్టరమ్మగారూ, మా అమ్మాయికి ఒక ప్రక్క పెద్దది, ఒక ప్రక్క చిన్నది. ఇదేమైనా జబ్బాండీ? రేపు పెళ్ళయి బిడ్డ పుడితే పాలకు ఇబ్బంది రాదుగదా?" ఆ సమయమున అమ్మాయి చున్నీ నిండుగా కప్పుకొని గోడవైపు చూచుచుండును.

దీనికి బదులు చెప్పుటకు ముందు మేము ఒక ఎదురుప్రశ్న వేయుదుము. "తేడా ఎంత?" అని కాదు, "ఎప్పటినుండి?" అని. ఈ ప్రసంగమున మేము చెప్పదలచిన దంతయు ఇంచుమించుగా ఈ ఒక్క ప్రశ్నలోనే ఇమిడియున్నది. పెరుగు వయసునుండి వచ్చుచున్న తేడా వేరు, నడివయసులో నిన్న మొన్న క్రొత్తగా కనబడిన తేడా వేరు. మొదటిదానికి చాలవరకు కావలసినది ఓర్పు. రెండవదానికి కావలసినది తొందర. మన ఇండ్లలో తరచుగా దీనికి తలక్రిందులుగా జరుగుచున్నది.

మానవ శరీరమున కుడియెడమలు అచ్చు గ్రుద్దినట్లు ఉండవు. గాజులు తొడుగు ఆమె నడిగి చూడుడు: ఎడమచేతికి సులువుగా ఎక్కిన గాజు కుడిచేతికి ఎక్కుటకు ఎంత ప్రయాసపడునో ఆమె చెప్పును. క్రొత్త చెప్పులలో ఒకటి బిగువు, ఒకటి వదులు అగుట అందరికి అనుభవమే. స్తనములును అంతే. కొలిచి చూచినచో రెండును సరిసమానముగా నున్న స్త్రీలే అరుదు. తరచుగా ఎడమ ప్రక్కది ఇంచుక పెద్దదిగా నుండును. రవికలు కుట్టు దర్జీలకు ఈ సంగతి చిరకాలముగా తెలిసినదే.

స్తనమనగా పాలను తయారుచేయు గ్రంథులు, ఆ పాలను చనుమొనకు చేర్చు నాళములు, వాటిని పొదివికొనియున్న క్రొవ్వు, వీటినన్నిటిని నిలిపి పట్టియుంచు నార వంటి కణజాలము. దాని అడుగున రొమ్ము కండరము, ఆ అడుగున ప్రక్కటెముకలు. ఈడు వచ్చునప్పుడు అండాశయములనుండి వెలువడు హార్మోనులు రక్తముతో రెండు ప్రక్కలకును సమముగానే చేరును. కాని ఒకే కాలువ నీరు పారిన రెండు మళ్ళలో నారు ఒకే దినమున ఒకే ఎత్తు పెరుగదు గదా! ఒక ప్రక్క కణజాలము ఆ పిలుపునకు ముందుగా పలుకును, రెండవది ఆలసించును.

ఈ పెరుగుదల సామాన్యముగా ఎనిమిది, పదమూడు సంవత్సరముల నడుమ మొదలగును. మొదట చనుమొన క్రింద చిన్న మొగ్గవలె గట్టిగా తగులును. తాకిన కొంచెము నొప్పియు ఉండును. చాలమంది బాలికలలో ఇది ఒక ప్రక్కనే ముందు కనబడి, రెండవ ప్రక్క కొన్ని నెలలు గడచిన పిమ్మట కనబడును. ఇంగ్లండులో మార్షల్, టానర్ అను వైద్యులు 192 మంది బాలికల పెరుగుదలను సంవత్సరముల తరబడి గమనించి 1969లో ఒక వ్యాసము ప్రకటించిరి. స్తనముల పెరుగుదలను ఐదు దశలుగా విభజించు పద్ధతిని వైద్యులు నేటికిని అనుసరించుచున్నారు. మొగ్గ కనబడిన నాటినుండి పెరుగుదల పూర్తియగుటకు సగటున నాలుగేండ్లు పట్టుననియు, ఒక్కొక్క బాలికది ఒక్కొక్క నడక యనియు ఆ పరిశీలనలో తేలినది. కావున పదమూడేండ్ల బాలికలో కనబడు తేడాను చూచి తుదితీర్పు చెప్పరాదు. ఆ తేడా చాలమందిలో పదునెనిమిదేండ్లు వచ్చునప్పటికి తగ్గిపోవును; కొందరిలో కొంత నిలిచిపోవును.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్లకు ఒక ప్రక్కనే తగిలిన మొగ్గను గడ్డ యని భ్రమించి, కోయించవలెనని తొందరపడు తల్లిదండ్రులు కలరు. ఆ మొగ్గయే ముందుకాలపు స్తనము. దానిని తీసివేసినచో, లేక పరీక్షకై కొంత కోసినచో, ఆ ప్రక్క ఇక పెరుగకపోవచ్చును. అనుమానమున్న యెడల అల్ట్రాసౌండు పరీక్ష చాలును. కత్తి తగిలించుటకు ముందు పిల్లల వైద్యుని సలహా తప్పనిసరి.

మరియొక కారణము మన వంటయింటిలోనే ఉన్నది. ప్రాకులాడు వయసున వేడి గంజియో, కాగిన నీళ్ళో ఎదపై పడి కాలిన ఆడపిల్లలకు పుండు మానిన పిమ్మట చర్మము ముడుచుకొని బిగిసిపోవును. పదేండ్ల తరువాత లోపలి స్తనము పెరుగబోయినపుడు ఆ బిగిసిన మచ్చ దానిని పెరుగనీయదు. అట్టి పిల్లలను ఈడు రాకమునుపే ప్లాస్టిక్ సర్జరీ వైద్యునికి చూపవలెను. బిగువును సకాలమున విడిపించినచో లోపలి స్తనము తన దారిన తాను పెరుగుటకు వీలు కలుగును. ఇట్టి శాఖలు హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి, విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రి వంటి ప్రభుత్వ బోధనాసుపత్రులలో కలవు.

ఇక అరుదైన కారణములు కొన్ని. 1841లో లండనులోని గైస్ ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ పోలండ్ అను వైద్యవిద్యార్థి ఒక శవమును పరీక్షించుచు, ఒక ప్రక్క రొమ్ము కండరములో కొంతభాగము లేకపోవుటను, ఆ ప్రక్క చేతివ్రేళ్ళు అతుకుకొనియుండుటను గమనించెను. పుట్టుకతో వచ్చు ఈ లోపమునకు ఆయన పేరే నిలిచినది. ఇది బాలికలలో ఉన్నచో ఆ ప్రక్క స్తనము పెరుగదు, లేక మిక్కిలి చిన్నదిగా నుండును. వెన్నెముక ప్రక్కకు వంగిన బాలికలలో ప్రక్కటెముకలు ఒకవైపు ముందుకు వచ్చుటచేత, స్తనములు సమముగానే యున్నను అసమముగా కనబడును. అట్టిచోట చూపించవలసినది వెన్నెముకనే. మరి కొందరిలో ఒక ప్రక్క స్తనము కొన్ని నెలలలోనే వేగముగా పెరిగిపోవును; లోపల ఫైబ్రోఅడినోమా అను గడ్డ యుండుట దీనికి ఒక కారణము. ఇది కాన్సరు కాదు, కాని పెద్దదగుచున్నచో తీసివేయవలసినదే. బాలికలలో సైతము వేగముగా పెరుగు తేడాను ఉపేక్షింపరాదని దీనివలన తెలియుచున్నది.

పాలను గూర్చిన తల్లి భయమునకు సమాధానము చెప్పెదము. స్తనము పెద్దదగుట, చిన్నదగుట ఎక్కువగా క్రొవ్వును బట్టి యుండును. పాలు వచ్చుట గ్రంథులను బట్టి, బిడ్డ త్రాగుటను బట్టి యుండును. కావున చిన్నదిగా నున్న ప్రక్క పాలివ్వదనుకొనుట పొరపాటు. గ్రంథులే సరిగా ఏర్పడని కొద్దిమందిలో మాత్రము ఒక ప్రక్క పాలు తక్కువ కావచ్చును. అప్పుడు రెండవ ప్రక్క ఆ లోటును చాలవరకు తీర్చును. బాలింతలలో ఇందుకు విరుద్ధమైన సంగతి యొకటి జరుగును. బిడ్డ ఒక ప్రక్కకే అలవాటు పడినచో ఆ ప్రక్క పాలు పెరిగి స్తనము పెద్దదగును. త్రాగించునపుడెల్ల ముందుగా చిన్న ప్రక్కను అందించుచున్నచో కొన్ని దినములలో కొంత సర్దుకొనును. పాలు మాన్పించిన పిమ్మట చాలమందిలో తేడా తగ్గిపోవును.

ఇప్పుడు తొందరపడవలసిన తేడాను గూర్చి చెప్పెదము. ఇన్నేండ్లు ఒకే తీరుగా నున్న స్తనములలో ఒకటి క్రొత్తగా పెద్దదగుటగాని, కుదించుకొనిపోవుటగాని, పైకి లాగినట్లగుటగాని కనబడినచో వైద్య పరీక్షకు జాగు చేయరాదు. నొప్పి లేని గడ్డ, చర్మముపై సొట్ట, నారింజ తొక్కవలె గుంటలు పడిన చర్మము, ఎఱ్ఱబడి వాచి మందులకు లొంగకపోవుట, లోపలికి ముడుచుకొన్న చనుమొన, దానినుండి రక్తము కారుట, చంకలో గడ్డ, ఇవన్నియు ప్రమాద సూచనలు. వీటిలో ప్రతిదియు కాన్సరే కాదు. కాని కాదని తేల్చుకొనవలసినది పరీక్షచేతనే. రొమ్ము కాన్సరు నేడు మన దేశపు స్త్రీలలో తక్కిన కాన్సర్లకంటె ఎక్కువగా కనబడుచున్నది. తొలిదశలో పట్టుబడినచో నయమగు అవకాశము మిక్కుటము. అయినను "నొప్పి లేదుగదా", "ఎవరికి చూపించుకొనుట" అనుకొని పైట చాటున దాచుకొని ఆలస్యముగా వచ్చువారెందరో! మా వృత్తిలో ఇంతకంటె మనసు కలచు విషయము వేరొకటి లేదు.

కావున స్నానము చేసిన పిమ్మట నెలకొక పర్యాయము అద్దము ముందు నిలిచి, చేతులు క్రిందికి వ్రేలాడవేసి ఒకసారి, పైకెత్తి ఒకసారి చూచుకొనుడు. ముట్టు ముగిసిన కొన్ని దినములకు చూచుట మేలు. ముట్టుకు ముందు కలుగు వాపు అప్పటికి తగ్గియుండును. తన శరీరపు సహజమైన తీరు తనకు తెలిసియున్న స్త్రీకే క్రొత్త మార్పు కనబడును. ముప్పది సంవత్సరములు నిండిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో రొమ్ము పరీక్ష చేయు ఏర్పాటు జాతీయ కార్యక్రమమున కలదు. దానిని ఉపయోగించుకొనుటలో సిగ్గుపడవలసినదేమియు లేదు.

జబ్బేమియు లేదని తేలిన పిమ్మట, మిగిలిన తేడాకు ఏమి చేయవలెను? ఏమియు చేయకుండుటయే చాలమందికి తగిన మార్గము. చేయదలచినవారికి సులభమైనది దుస్తుల అమరిక. బ్రా కొనునపుడు పెద్ద ప్రక్కకు సరిపడు కొలత ఎంచుకొని, చిన్న ప్రక్క లోపల మెత్తని పొర అమర్చుకొనవలెను. చిన్న ప్రక్క కొలతకు కొన్నచో పెద్ద ప్రక్క నలిగి నొప్పిపెట్టును. విడిగా దూది ఉండచుట్టి పెట్టుకొన్నచో అది జరిగిపోవును. రవికలోనే కప్పులు అమర్చి కుట్టించుకొనుట మేలు. నేటి దర్జీలకు ఇది క్రొత్త పని కాదు. తేడా మిక్కిలి యెక్కువగా నున్నవారికి సిలికోనుతో చేసిన స్తనాకృతులు దొరకును. వాటిని బ్రా లోపల ధరింపవచ్చును.

నూనెలు, లేపనములు, మాత్రలు, మర్దనములు ఒక ప్రక్కను పెంచుననియు రెండవ ప్రక్కను తగ్గించుననియు చెప్పు ప్రకటనలను నమ్మకుడు. పూసిన నూనె స్తనమును పెంచదు. మ్రింగిన మాత్ర చిన్న ప్రక్కకు మాత్రమే పోవలెనని తెలిసికొనదు. ఎదకు వ్యాయామము చేసినచో అడుగునున్న కండరము బలపడును గాని పైనున్న స్తనము మారదు.

చివరి మార్గము శస్త్రచికిత్స. పెద్దదానిని తగ్గించుట, జారినదానిని పైకెత్తుట, చిన్నదానిని పెంచుట, లేక రెండు ప్రక్కలను కొంత కొంత మార్చుట ఇందలి పద్ధతులు. పెంచుటకు పొట్టనుండియో తొడనుండియో క్రొవ్వు తీసి ఎక్కింతురు. అందులో కొంత కరగిపోవును గనుక మరల ఎక్కింపవలసి రావచ్చును. లేనిచో సిలికోను సంచిని అమర్తురు. దీనిని మొట్టమొదట 1962లో అమెరికాలోని హ్యూస్టను నగరమున థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అను వైద్యులు ఒక స్త్రీకి అమర్చిరి. దీని చరిత్ర మాత్రము ఒడుదుడుకులు లేనిది కాదు. భద్రతను గూర్చిన సందేహములచే అమెరికా ప్రభుత్వము 1992లో దీని వాడుకను పరిమితము చేసి, 2006లో మరల అనుమతించెను. గరుకు పైపొర గల సంచులకును ఒక అరుదైన కాన్సరునకును సంబంధము కలదని తేలుటచే, 2019లో అట్టివాటిలో ఒక రకమును విపణినుండి ఉపసంహరించిరి. ఈ సంచి జీవితాంతము నిలుచునది కాదనియు, ముందుముందు మార్పించుకొనవలసి రావచ్చుననియు తెలిసియే ఒప్పుకొనవలెను.

శస్త్రచికిత్స కోరువారు మూడు సంగతులు మరువరాదు. పెరుగుదల పూర్తియై, పరిమాణము కొంతకాలము మారక నిలిచిన పిమ్మటనే చేయించుకొనవలెను. మచ్చలు మిగులును, చనుమొనకు స్పర్శ తగ్గవచ్చును, తగ్గించు చికిత్సలో పాలనాళములు తెగి పాలు తగ్గవచ్చును. బిడ్డలను కనదలచినవారు ఈ సంగతి ముందుగా అడిగి తెలిసికొనవలెను. ఎంతటి నిపుణుడైనను రెండు ప్రక్కలను తూచినట్లు సమము చేయలేడు. బరువు, కాన్పు, వయసు మరల తేడా తేగలవు.

ఇంతమాత్రముచేత ఈ కోరికను అలంకారపు వ్యామోహమని ఎగతాళి చేయరాదు. స్తనములు గణనీయముగా అసమముగా నున్న బాలికలకు ఆత్మగౌరవమును మనశ్శాంతియు తోటివారికంటె తక్కువగా నున్నవని బోస్టనులో జరిగి 2014లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. ఈత నేర్చుకొననని, ఆటల పోటీలకు పోనని, స్నేహితురాండ్ర ఎదుట దుస్తులు మార్చుకొననని మొండికేయు అమ్మాయి మనసులో ఏమున్నదో తల్లి గ్రహింపవలెను. "అదేమీ పట్టించుకోకు" అని ఒక్క మాటతో త్రోసివేయుటవలన ఆ బాధ పోదు.

తల్లులకు మా మనవి ఒక్కటే. ఈడు వచ్చిన కూతురికి ముట్టును గూర్చి చెప్పునట్లే ఈ విషయమును గూర్చి కూడ చెప్పుడు. "నాకును ఇట్లే ఉండెడిది, అమ్మా" అని తల్లి అన్న మాట ఏ మందుకంటెను ఆ పిల్లకు ఎక్కువ ధైర్యమిచ్చును. ఆనాడు తల్లితో నిస్సంకోచముగా మాటలాడ నేర్చిన అమ్మాయి, ముప్పది నలువది ఏండ్ల తరువాత తన శరీరమున క్రొత్త మార్పు కనబడిన నాడు దానిని పైట చాటున దాచుకొనదు. మరునాడే వైద్యురాలి వద్దకు వెళ్ళును.