ఇపో గడియారం, కృష్ణబిలం అంచు

మలేసియాలోని ఇపో పాతపట్నంలో బిర్చ్ గడియార స్తంభం 1909 నుంచి నిలబడి ఉంది. ఊరు దాటి సింపాంగ్ పులాయ్ మీదుగా కొండదారి పడితే, సుమారు 1,500 మీటర్ల ఎత్తున కామెరాన్ హైలాండ్స్ తేయాకు తోటలు. పిసరంత తేడా కూడా రాని రెండు అణుగడియారాలు తెచ్చి ఒకటి స్తంభం దగ్గర, ఒకటి తోటల్లో పెడితే, కొండ మీదిది రోజుకు దాదాపు 14 నానోసెకన్లు ముందుంటుంది. నానోసెకను అంటే సెకనులో వందకోట్లో వంతు. గడియారాల్లో లోపమేమీ లేదు. కింద కాలమే ఆ మేరకు నెమ్మది.

గురుత్వపు లోతుకు దిగేకొద్దీ కాలం మందగిస్తుందన్నది ఐన్‌స్టీన్ సిద్ధాంతం. జపాన్ శాస్త్రవేత్తలు టోక్యో స్కైట్రీ గోపురంలో 450 మీటర్ల ఎత్తు తేడాతో గడియారాలు పెట్టి కొలిచి, ఫలితాన్ని 2020లో ప్రచురించారు. లెక్క సరిపోయింది.

భూమి మీద కొండకే ఇంత తేడా ఉంటే, కృష్ణబిలం దగ్గర?

మన పాలపుంత నడిమధ్య ఉన్న సాజిటేరియస్ ఏ-స్టార్ అనే కృష్ణబిలం ద్రవ్యరాశి సూర్యుడికి 40 లక్షల రెట్ల పైమాటే. వెలుతురు కూడా తిరిగి రాలేని దాని హద్దును ఘటనా దిగంతం అంటారు. కేంద్రం నుంచి అది కోటీ ఇరవై లక్షల కిలోమీటర్ల పైచిలుకు. హద్దుకు బయట, ఆ వ్యాసార్థంలో నూరో వంతు ఎడంగా, కదలకుండా నిలిపిన గడియారంలో గంట గడిచేసరికి మనకు పది గంటలు గడుస్తాయి. కూతురు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి వెళ్లొచ్చేసరికి యుగాలు దొర్లిపోయిన కకుద్మి కథ గుర్తుకు రాక మానదు. అది పురాణం, ఇది కొలతకు నిలిచిన సూత్రం.

చలనం సంగతి ఇంకా విచిత్రం. ఒక నౌక బిలంలోకి పడుతోందనుకుందాం. దూరాన ఉన్నవారికి అది హద్దును సమీపించేకొద్దీ మెల్లబడుతూ, ఎర్రబారి, మసకబారి మాయమవుతుంది. హద్దు దాటడం మాత్రం ఎన్నటికీ కనబడదు. అక్కడ బయలుదేరిన ఒక్కో కాంతి అల బయటపడడానికి దాని ముందరి అలకన్నా ఎక్కువ సమయం పట్టడమే కారణం. నౌకలోని వారికి మాత్రం చేతి గడియారం మామూలుగానే నడుస్తుంది. ఇంత పెద్ద బిలమైతే హద్దు దాటిన క్షణం తెలియను కూడా తెలియదు. ఆ తర్వాత అర నిమిషంలో అంతా ముగిసిపోతుంది. ఇద్దరిలో ఎవరు చెప్పేదీ భ్రమ కాదు. అందుకే ‘అక్కడ కాలం ఆగిపోతుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం తప్పు. ఎవరి కాలం, ఎవరు చూస్తుండగా అన్నది చెప్పి తీరాలి.

ఈ బిలం చుట్టూ 16 ఏళ్లకోసారి తిరిగే ఎస్2 నక్షత్రం 2018 మేలో సెకనుకు 7,600 కిలోమీటర్లకు మించిన వేగంతో దాని పక్కగా దూసుకుపోయింది. హద్దుకు అది చాలా దూరమే. అయినా దాని వెలుగు ఐన్‌స్టీన్ చెప్పినట్టే ఎర్రబారడాన్ని చిలీలోని దూరదర్శినులు పట్టుకున్నాయి.

జూన్, జూలై రాత్రుల్లో మబ్బు లేకపోతే ఇపో నుంచి దక్షిణాన ధనూరాశి కేసి చూడండి. ఎస్2 కంటికి ఆనదు గానీ, ఉన్నది అటే. మళ్లీ అది బిలానికి అంత దగ్గరగా వచ్చేది 2034లో.