మండెలో వేడి, మడిలో చలి: దాళ్వా విత్తనం ఎందుకు మొలవదు?

1953లో తుంగభద్ర నీళ్లు కాలువల్లోకి వచ్చాక కోస్తా నుంచి తరలివచ్చి గంగావతి, సింధనూరు, సిరుగుప్ప చుట్టూ క్యాంపులు కట్టుకున్న మన కుటుంబాలకు దాళ్వా నారుమడి కొత్తేమీ కాదు. అయినా చలి ముదిరే రోజుల్లో ఒక మాట తప్పకుండా వింటాం: ‘విత్తనం సగమే మొలిచింది, డీలరు ముంచాడు.’ అది నిజమూ కావచ్చు. కానీ డీలరు మీదికి వెళ్లేముందు చూడవలసింది వేడిమిని.

నీళ్లు పీల్చుకోవడానికి గింజకు ప్రాణం అక్కర్లేదు, చచ్చిన గింజ కూడా ఉబ్బుతుంది. అసలు పని ఆ తరువాతే. లోపలి పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు తయారవ్వాలి, ఆ చక్కెర మొలకకు అందాలి. వరిలో ఇది 30 డిగ్రీల దగ్గర చురుగ్గా సాగుతుంది. 15కి దిగితే రెండు మూడు రోజుల్లో రావలసిన మొలక వారం పట్టవచ్చు. 10 దగ్గర దాదాపు ఆగిపోతుంది. అలా తడిలో పడి ఉన్న గింజలోంచి చక్కెర బయటికి కారుతుంది, బూజుకు అదే మేత.

ఇంత చలిలోనూ మండెలో విత్తనం ఉడికిపోవచ్చు. గోనెసంచిలో మొలకెత్తే గింజలు ఊపిరి తీస్తూ వేడి పుట్టిస్తాయి. పెద్ద మూటైతే నడిమి వేడి బయటికి పోదు. 40 దాటుతున్నకొద్దీ ఎంజైములు, కణాల పొరలు దెబ్బతింటాయి. అంచుల్లో మొలకలుండి నడుమ పులిసిన వాసన వస్తే అది వేడి చేసిన పనే అనుకోవాలి. చిన్న మూటలు కట్టి, మధ్యలో ఒకసారి తిప్పి నీళ్లు చల్లితే చాలు. చిత్రమేమంటే, కోతయిన కొత్తలో నిద్రలో ఉన్న పొడి వడ్లను నిద్ర లేపడానికి ప్రయోగశాలల్లో 50 డిగ్రీల వేడిలోనే కొన్ని రోజులు ఉంచుతారు. తడిసిన గింజ ఆ వేడికి బతకదు.

జొన్న, సజ్జ వరికంటే వేడిని ఓర్చుకుంటాయి. అయినా తొలి చినుకుకే పైపైన వేస్తే కాగిన నేలలో మొలక మాడుతుంది.

ఇక మడి సంగతి. సాయంత్రం కర్రల మీదుగా పట్టాలు గానీ కుట్టిన సంచులు గానీ కప్పి, పొద్దున్నే తీసెయ్యాలి. రాత్రి చల్లబడ్డ నీటిని తెల్లవారాక వదిలేసి కొత్త నీరు పెట్టాలి.

మండె కట్టడానికి ముందే వంద గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి ఇంట్లో వెచ్చగా ఉంచి చూడండి. ధ్రువీకరించిన వరి విత్తనానికి 80 శాతం మొలక తప్పనిసరి. ఇంట్లో అన్ని మొలిచి మడిలో మొలవకపోతే లోపం మండెలోనో మడిలోనో వెతకాలి. ఇంట్లోనే తగ్గితే బిల్లు, సంచి ట్యాగు, మిగిలిన విత్తనం దాచిపెట్టి అప్పుడు డీలరును అడగండి. మడి పోయాక తెలిస్తే, రెండోసారి నారు పోసేలోగా కాలువ నీటి గడువు ముంచుకొస్తుంది.