మా ఇంట్లో పనిచేసేది ఎందరు?

మా మనవరాలు ఇక్కడే షోలాపూర్‌లో బి.ఎ. చదువుతున్నది, ఎకనామిక్స్. ఎవరింటి లెక్క వాళ్లు రాసుకురమ్మని కాలేజీలో చెప్పారట. కాగితం పట్టుకుని నా ముందు కూర్చున్నది. "తాతా, నువ్వు మిల్లుకు పోయే రోజుల్లో మనింట్లో పనిచేసేది ఎందరు?" అన్నది.

"ఎందరేంది, నేనొక్కణ్నే" అన్నాను.

మా ఆమె పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నది. తల ఎత్తలేదు.

పిల్ల రాయలేదు. గాడ్గిల్ అనే ప్రొఫెసర్ గురించి చెప్పింది. ధనంజయ్ గాడ్గిల్. కేంబ్రిడ్జిలో చదివి, మన దేశంలో చేతిపనులు ఎట్లా పడిపోయినయి, మిల్లులు ఎట్లా వచ్చినయి అని 1924లోనే పుస్తకం రాసిండట. 1930లో పూనాలో గోఖలే సంస్థ పెడితే మొదటి డైరెక్టరు ఆయనే. పాఠం చెప్పి ఊరుకునే మనిషి కాదు. పూనాలో కుటుంబాల లెక్కలు తీయించిండు: ఏం పని, ఎంత రాబడి అని. మన షోలాపూర్ మీద ఆయన పుస్తకం 1965లో అచ్చయింది. ప్రవరానగర్‌లో రైతులు సొంతంగా చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకుంటే దానికీ పనిచేసిండు. 1967లో ఢిల్లీలో ప్లానింగ్ కమిషన్ డిప్యూటీ చైర్మన్ అయిండు. అంత పెద్ద చదువు చదివి, సాలోళ్ల ఊరి లెక్క అడగడం నాకు నచ్చింది.

ఇప్పుడు నా లెక్క. మా నాయన కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం పని కోసం వచ్చిండు. నేను మిల్లులో సాంచెల మీద చేసిన. భోంగా మోగితే పరుగు. మిల్లు మూతపడ్డనాడు రావలసిన పైసలు ఏండ్లకేండ్లు రాలేదు. అప్పుడు మా పొయ్యి వెలిగింది బీడీల మీదనే. కంపెనీ ఇచ్చిన ఆకు, తంబాకు తెచ్చుకుని, రోజుకు వెయ్యి చుట్టి అప్పజెప్పేది. బాగాలేవని తీసేసినవాటికి కూలి లేదు. ఇంట్లో కూర్చుని చుట్టే ఆమెను కూడా కార్మికురాలే అని 1966 బీడీ చట్టం ఒప్పుకున్నది. నేను ఒప్పుకోలేదు. జనాభా లెక్కల మనిషి వచ్చినప్పుడు కూడా "ఆమె ఇంట్లోనే ఉంటది" అని రాయించిన. ఆయన మళ్లీ అడగలేదు, నేను చెప్పలేదు.

"ఇద్దరని రాయి బిడ్డా" అన్నాను.

అప్పుడు మా ఆమె నోరు తెరిచింది. "ముగ్గురని రాయి. మీ అమ్మ బడి నుంచి వచ్చి, చీకటి పడేదాక నాకు ఆకు కత్తిరించి ఇచ్చేది."

పిల్ల ఇద్దరు అన్నది కొట్టేసి, ముగ్గురు అని రాసుకున్నది.