మంచు కరిగితేనే షర్బత్ గడ్డకడుతుంది

పుల్ల ఐస్‌ను గట్టిగా పీలిస్తే రంగూ తీపీ నోట్లోకి వచ్చేస్తాయి, పుల్లకు తెల్లటి మంచు మిగులుతుంది. ఎందుకలా అని మా పెదకాకానిలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది. చేతితో తిప్పే ఐస్‌క్రీమ్ బకెట్ ఆ చిక్కును విప్పుతుంది.

గడ్డకట్టే నీరు తన వరసలోకి నీటి అణువులనే రానిస్తుంది. పంచదారకూ రంగుకూ అక్కడ చోటు లేదు. అవి పక్కకు జరిగి, మిగిలిన నీళ్ళలో చేరి దాన్ని చిక్కటి పానకం చేస్తాయి. చిక్కబడేకొద్దీ ఆ పానకం గడ్డకట్టడానికి ఇంకా ఎక్కువ చలి కావాలి. పుల్ల ఐస్ అచ్చులో కదలకుండా ఉంటుంది కనుక స్ఫటికాలు పెద్దవిగా పెరుగుతాయి, సందుల్లో పానకం నిలుస్తుంది. మనం పీల్చేది ఆ పానకాన్నే.

ఇక బకెట్ సంగతి. కొయ్యతొట్టిలో రేకు డబ్బా, డబ్బాలో తెడ్డు, పైన తిప్పే పిడి, చుట్టూ మంచూ రాళ్ళ ఉప్పూ. ఆ ఉప్పు లేకపోతే ఎంతసేపు తిప్పినా లాభం లేదు. నాలుగో వంతు పంచదార కలిపిన షర్బత్ గడ్డకట్టడం మొదలయ్యేది సుమారు -2 డిగ్రీల దగ్గర. కరిగే మంచు ఉండేది 0 దగ్గర. అంటే షర్బత్‌కు కావలసిన చలి మంచు దగ్గరే లేదు! ఉప్పు పడగానే మంచుకు 0 దగ్గర నిలబడే వీలుండదు, కరగక తప్పదు. 1 గ్రాము మంచు కరగాలంటే 80 క్యాలరీల వేడి కావాలి. అంత వేడితో 1 గ్రాము నీటిని 0 నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఆ వేడిని తన ఒంట్లోంచీ, డబ్బాలోని షర్బత్‌లోంచీ లాక్కోవాల్సిందే. అలా లాక్కుంటూ ఆ మిశ్రమం -21 డిగ్రీల దాకా దిగగలదు. మంచు కరుగుతోందని దిగులుపడేవాళ్ళను చూశాను. అసలు పని జరుగుతున్నదే అక్కడ.

ఈ కిటుకును పుస్తకంలో రాసిన నేపుల్స్ పండితుడు జంబట్టిస్టా డెల్లా పోర్టా అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. 1589 నాటి తన గ్రంథంలో ఆయన విందులకు ద్రాక్షసారా గడ్డకట్టించే పద్ధతి చెప్పాడు. సారాలో కొంచెం నీళ్ళు కలిపి సీసాలో పోయాలి, ఆ సీసాను సురేకారం చల్లిన మంచులో తిప్పుతూ ఉండాలి. నీళ్ళెందుకు? మంచూ సురేకారం కలిస్తే దిగేది దాదాపు -3 డిగ్రీల దాకానే. పలచన చేయని ద్రాక్షసారాకు అది చాలదు. అణువుల లెక్క తెలియని కాలంలో చేతి అనుభవంతోనే ఆయన ఆ సంగతి పట్టాడు. ఘనీభవించిన కాక్‌టెయిల్‌కు మొదటి తయారీ పద్ధతి అదే అనుకుంటాను.

ఆయన సీసాను తిప్పాడు, ఫిలడెల్ఫియాలో నాన్సీ జాన్సన్ లోపల తెడ్డును తిప్పించింది. 1843లో ఆమె పేటెంట్ పొందిన యంత్రంలో తెడ్డు పలకలకు రంధ్రాలున్నాయి. చలి తగిలేది డబ్బా గోడకు కనుక మొదటి స్ఫటికాలు పుట్టేదీ అక్కడే. అవి పెరిగేలోపే తెడ్డు గీకి, నడిమి షర్బత్‌లోకి తోసేస్తుంది. అలా కోట్లాది సన్నటి స్ఫటికాలు పానకంతో కలిసిపోతాయి. ఇప్పుడు పీల్చినా తీపి విడిగా రాదు.

ఇక బకెట్లో వేసే మంచు కథ. నాన్సీ పేటెంట్‌కు పదేళ్ళ ముందే, 1833లో, మంచు వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన సరస్సుల మంచు బోస్టన్ నుంచి ఓడలో కలకత్తా చేరింది, ఆపైన మద్రాసులో ఐస్‌హౌస్ వెలిసింది. కొన్ని దశాబ్దాలకే యంత్రంతో చేసే మరమంచు వచ్చి ఆ సరస్సుల మంచును గెంటేసింది. ఇప్పుడు చలిని పుట్టించేది యంత్రాలే: గుంటూరు చుట్టూ మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీలలో వేడిని మోసుకుపోయేది అమ్మోనియా. పుల్ల ఐస్ ఫ్యాక్టరీలో అమ్మోనియా గొట్టాలు ఉప్పునీటి తొట్టిని చల్లబరుస్తాయి, అచ్చులు అందులో మునుగుతాయి. బకెట్లో మంచును కరిగించిన ఉప్పే ఇక్కడ తొట్టి నీటిని గడ్డకట్టనివ్వకుండా కాపాడుతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళ షర్బత్ చేయాలంటే ఒక్క లెక్క చాలు. బరువుకు బరువు చూస్తే ఆల్కహాల్ గడ్డకట్టే చోటును పంచదార కన్నా సుమారు 7 రెట్లు కిందికి దించుతుంది. 40 శాతం వోడ్కా -18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఎన్నాళ్ళున్నా గడ్డకట్టదు. అందుకని లీటరు నిమ్మ షర్బత్‌కు వోడ్కా 60 మిల్లీలీటర్లు మించకుండా, అది కూడా తిప్పడం చివర్లో పోయాలి. బకెట్ లేనివాళ్ళు వెడల్పాటి గిన్నెను ఫ్రీజర్‌లో పెట్టి అరగంటకోసారి ఫోర్కుతో గీకవచ్చు.

మా ప్రాంతం రుచి కావాలంటే చీల్చిన పచ్చిమిరపకాయను ముందుగా వోడ్కాలో నానబెట్టండి. మిరప ఘాటునిచ్చే కాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఆ ఘాటును పసిగట్టే నాలుక గ్రాహకాలు వేడిని కూడా పట్టేవే కనుక, చలిలో అవి మందగిస్తాయి. మొదట నిమ్మ పులుపు తగులుతుంది, షర్బత్ కరిగి నోరు వెచ్చబడ్డాక మిరప ఘాటు బయటపడుతుంది. ఒక్క కాయ సరిపోతుంది.