ఎమ్మెల్యే మీద పోటీకి సామాన్యులు నిలబడితే...



ఎన్నికలు వచ్చాయంటే మన హాస్టళ్లలో ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "ఎమ్మెల్యే కావాలంటే కోట్లుండాలి, మనలాంటోళ్లకు ఎందుకవన్నీ?" అని. ఈ మాటలో నిజం ఎంత, భయం ఎంత అన్నది విడదీసి చూడాలనే ఈ వ్యాసం రాస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికందుకున్న మొదటివాణ్ణి నేను. నాకిప్పుడు 23 ఏళ్లు. ఓటు వేయవచ్చు గానీ శాసనసభకు పోటీ చేయడానికి ఇంకా రెండేళ్లు ఆగాలి. రాజ్యాంగంలోని 173వ అధికరణం ప్రకారం 25 ఏళ్లు నిండి ఉండాలి. ఆస్తి ఉండాలని గానీ, పెద్ద చదువు ఉండాలని గానీ అందులో ఎక్కడా లేదు.

కొల్లాపూర్‌లో ఏం జరిగింది?

2023 తెలంగాణ శాసనసభ ఎన్నికల్లో నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ నుంచి కర్నె శిరీష గారు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. ఆమె పేదింటి దళిత యువతి. డిగ్రీలు వస్తున్నా ఉద్యోగాలు రావడం లేదని, అందుకే బర్రెలు కాస్తున్నానని చెప్పిన చిన్న వీడియోతో 'బర్రెలక్క'గా అందరికీ తెలిశారు. కొల్లాపూర్ రిజర్వుడు స్థానం కాదు, జనరల్ స్థానం. ఎదురుగా ఉన్నవారు సామాన్యులు కారు. ఒకరు అప్పటి సిట్టింగ్ ఎమ్మెల్యే బీరం హర్షవర్ధన్ రెడ్డి గారు. మరొకరు అదే స్థానం నుంచి 1999 మొదలు ఐదుసార్లు గెలిచిన మాజీ మంత్రి జూపల్లి కృష్ణారావు గారు.

శిరీష గారికి ఈల గుర్తు వచ్చింది. నిరుద్యోగ యువకులు సొంత ఖర్చులతో వచ్చి ఊరూరా ఈల ఊదుతూ తిరిగారు. పుదుచ్చేరి మాజీ మంత్రి మల్లాడి కృష్ణారావు గారు లక్ష రూపాయలు ఇచ్చారు. సి.బి.ఐ. పూర్వ అధికారి వి.వి. లక్ష్మీనారాయణ గారు వచ్చి ప్రచారం చేశారు. ప్రచారంలో ఉండగా ఆమె తమ్ముడిపై దాడి జరిగింది. ఆమె హైకోర్టుకు వెళ్లారు. రక్షణ కల్పించాలని కోర్టు ఆదేశించింది.

డిసెంబర్ 3న ఫలితం వచ్చింది. జూపల్లి గారు గెలిచారు, సిట్టింగ్ ఎమ్మెల్యే ఓడిపోయారు. శిరీష గారికి 5,754 ఓట్లతో నాలుగో స్థానం దక్కింది. డిపాజిట్ రాలేదు. టీవీల్లో, ఫోన్లలో రాష్ట్రమంతా చూసిన అమ్మాయికి ఓట్లెందుకు అన్నే వచ్చాయి? జవాబు తెలియాలంటే పోటీ ఎలా నడుస్తుందో వరుసగా తెలుసుకోవాలి.

నామినేషన్: మొదటి మెట్టు

శాసనసభకు డిపాజిట్ 10,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. జనరల్ స్థానంలో పోటీ చేసినా వారికి ఇదే వర్తిస్తుంది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి వస్తే ఆ డబ్బు తిరిగి ఇస్తారు.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రులకు మాత్రం ఆ నియోజకవర్గంలోని పదిమంది ఓటర్లు సంతకం చేయాలి. పది సంతకాలే కదా అనిపిస్తుంది. కానీ ఎమ్మెల్యేకు వ్యతిరేకంగా కాగితం మీద పేరు పెట్టడమంటే ఊళ్లో కూలికి పోయేవాళ్లకు, పింఛన్ల మీద బతికేవాళ్లకు చిన్న విషయం కాదు. అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

తర్వాత అఫిడవిట్. ఆస్తులు, అప్పులు, చదువు, పోలీసు కేసులు అన్నీ అందులో రాయాలి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. లేనిచోట 'లేదు' అని రాయాలి. రిటర్నింగ్ అధికారి ముందు ప్రమాణం కూడా చేయాలి. ఇలాంటి చిన్న లోపాల వల్లనే ఎందరి నామినేషన్లో పరిశీలనలో తిరస్కరణకు గురవుతుంటాయి. పార్టీ అభ్యర్థులకు ఇవన్నీ చూసుకోవడానికి వకీళ్లుంటారు. కొత్తవారికి చదువుకున్న స్నేహితులే వకీళ్లు.

గుర్తు, పేరు, వరుస

పార్టీ గుర్తు ఇంటింటికీ ఏళ్ల తరబడి తెలిసి ఉంటుంది. స్వతంత్రులకు గుర్తు వచ్చేది నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే. అంటే ఆ గుర్తును జనానికి పరిచయం చేయడానికి మిగిలేది సుమారు రెండు వారాలు. పైగా ఓటింగ్ యంత్రంపై ముందు గుర్తింపు పొందిన పార్టీల వారి పేర్లు, తర్వాత ఇతర రిజిస్టర్డ్ పార్టీల వారివి, చివరన స్వతంత్రులవి ఉంటాయి. చదువురాని ముసలమ్మ ఆ చివరి వరుసలో ఈల గుర్తును వెతుక్కోవాలి. 2015 నుంచి అభ్యర్థి ఫోటో కూడా పెడుతున్నారు గనుక కొంత మేలు.

ఖర్చు: చట్టంలోని సందు

మన రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదని 2022లో పరిమితి పెట్టారు. ఈ పరిమితి అభ్యర్థికే. పార్టీ తన సాధారణ ప్రచారానికి పెట్టే ఖర్చుకు పరిమితి లేదు. పెద్ద నాయకుల ప్రయాణ ఖర్చు కూడా చాలావరకు అభ్యర్థి లెక్కలోకి రాదు. కాబట్టి కాగితం మీద ఇద్దరికీ గీత ఒక్కటే అయినా, ఒకరి వెనుక పార్టీ ఖజానా ఉంటుంది, మరొకరి వెనుక ఇంటివాళ్ల అప్పు ఉంటుంది. చట్టానికి లెక్కలు చెప్పని పంపకాల సంగతి మీకందరికీ తెలిసిందే.

ఇంకొక జాగ్రత్త. ఓడిపోయినా సరే, ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ఖర్చు లెక్కలు అప్పజెప్పాలి. సరైన కారణం లేకుండా అప్పజెప్పనివారిని మూడేళ్లపాటు పోటీకి అనర్హులుగా ప్రకటించవచ్చు. ఓడిన బాధలో రసీదులు పారేసుకుంటే వచ్చేసారి తలుపు మూసుకుపోతుంది.

బూత్ దగ్గర మనిషి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒక నియోజకవర్గంలో సాధారణంగా రెండు వందలకు పైగా పోలింగ్ కేంద్రాలుంటాయి. ప్రతి కేంద్రంలో అభ్యర్థి తరఫున ఒక ఏజెంటు కూర్చోవచ్చు. తెల్లవారుజామున నమూనా పోలింగ్ చూడటం, దొంగ ఓటు పడితే అభ్యంతరం చెప్పడం, చివరకు పోలైన ఓట్ల లెక్క ఉన్న 17-సి ఫారం తీసుకోవడం ఆ ఏజెంటు పని. ఎమ్మెల్యేకు ప్రతి ఊళ్లో సర్పంచో, మాజీ సర్పంచో, కాంట్రాక్టరో ఉంటారు. సి.సి. రోడ్డు వేయించినవారు, ఇల్లు ఇప్పిస్తామన్నవారు ఉంటారు. కొత్త అభ్యర్థికి రెండు వందల మంది ధైర్యవంతులు కావాలి. ఫోన్లో చూసి మెచ్చుకునేవారు లక్షలమంది ఉండవచ్చు గానీ, వారిలో ఆ నియోజకవర్గపు ఓటర్లు ఎందరు? ఆ రోజు బూత్‌లో కూర్చునేవారు ఎందరు? 5,754 సంఖ్యకు నాకు దొరికిన జవాబు ఇదే. 2023లో తెలంగాణలోని 119 స్థానాల్లో ఒక్క స్వతంత్రుడూ గెలవలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మరి గెలిచినవారు లేరా?

ఉన్నారు. ఇల్లందులో గుమ్మడి నర్సయ్య గారు ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. ఆయన వెనుక ఉన్నది డబ్బు కాదు, గిరిజన గూడేలలో, రైతుకూలీల మధ్య ఏళ్ల తరబడి చేసిన పని. ములుగులో ధనసరి అనసూయ (సీతక్క) గారు 2004లో మొదటిసారి పోటీ చేసి పొదెం వీరయ్య గారి చేతిలో ఓడిపోయారు. 2009 నాటికి ఆయన సిట్టింగ్ ఎమ్మెల్యే. ఆ ఎన్నికల్లో ఆయన్నే ఓడించి శాసనసభకు వెళ్లారు. 2014లో మళ్లీ ఓడి, 2018లో, 2023లో గెలిచి మంత్రి అయ్యారు. అయితే ఆమెకు పార్టీ అండ ఉంది. దాన్ని దాచి చెబితే మనల్ని మనం మోసగించుకున్నట్లే. కానీ పార్టీ టికెట్ ఒక్కటే గెలిపించేటట్లయితే 2004లోనే గెలవాలి కదా! మధ్యలోని ఐదేళ్లూ జనంలో ఉండటం లెక్కలోకి వచ్చింది.

ఓటమి అంటే సిగ్గుపడేవారికి ఒక్క మాట. రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షుడైన బాబాసాహెబ్ అంబేద్కర్ గారే 1952లో బొంబాయిలో, 1954లో భండారా ఉపఎన్నికలో ఓడిపోయారు. ఆ ఓటములతో ఆయన మాట విలువ తగ్గలేదు.

శిరీష గారు ఓడిపోయినా కొన్ని సంగతులు మిగిలాయి. నిరుద్యోగం గురించి పెద్ద అభ్యర్థులు కూడా మాట్లాడక తప్పలేదు. పేదింటి అభ్యర్థికి ప్రాణభయం ఉంటే రక్షణ అడిగే దారి ఉందని అందరికీ తెలిసింది. డబ్బు పంచకుండా 5,754 మంది చేత మీట నొక్కించడం సాధ్యమేనని రుజువైంది. ఆమె 2024లో నాగర్‌కర్నూల్ లోక్‌సభకు మళ్లీ నిలబడ్డారు. గెలుపోటములు పక్కన పెడితే, అడిగే అలవాటు మిగిలింది.

మనం చేయగలిగింది

మనమందరం పోటీ చేయాలని నేను అనడం లేదు. 18 నిండినవారు ముందు ఓటరుగా నమోదు కండి. ఇప్పుడు ఏడాదిలో నాలుగు తేదీలు (జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ 1) అర్హతకు లెక్కిస్తున్నారు. 17 దాటినవారు ముందుగానే 6వ నంబరు ఫారం ఇవ్వవచ్చు. హాస్టల్‌లో ఉండి చదివేవారు ఇంటి చిరునామాతో గానీ, చదువుతున్న సంస్థ ధ్రువపత్రం పెట్టి హాస్టల్ చిరునామాతో గానీ నమోదు కావచ్చు. రెండుచోట్లా మాత్రం ఉండకూడదు.

మీ ఎమ్మెల్యే అభ్యర్థుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం అందరికీ అందుబాటులో పెడుతుంది. అవి చదివి ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పండి. మన ఊళ్లో నిజాయితీ గల మనిషి ఎవరైనా నిలబడితే ఫారాలు నింపిపెట్టండి, లెక్కల పుస్తకం రాసిపెట్టండి, ఒక్కరోజు బూత్‌లో కూర్చోండి. కోట్లు లేని అభ్యర్థికి అన్నిటికంటే కొరతగా ఉండేది చదువు వచ్చిన, భయపడని మనిషి. అలాంటి మనుషుల్ని తయారుచేయడానికే కదా మన హాస్టళ్లు పుట్టింది!